కుడిచేతి చదువు

గిటార్ వాయించే వీడియోలు చూస్తుంటే ఒక విషయం గమనించారా? కెమెరా ఎప్పుడూ ఎడమచేతి మీదే ఉంటుంది. ఫ్రెట్ల మీద పరిగెత్తే వేళ్లనే దగ్గరగా చూపిస్తారు. కుడిచెయ్యి సగం ఫ్రేములో, సగం బయట. కానీ తీగ పలికేది కుడిచెయ్యి మీటినప్పుడే కదా! ఏ స్వరమో ఎడమచెయ్యి చెబుతుంది. అది ఎప్పుడు పలకాలి, ఎంత గట్టిగా పలకాలి, ఎంత శుభ్రంగా పలకాలి అన్నదంతా కుడిచేతి పని. (ఎడమచేతివాటం వాళ్లు దీన్ని తిప్పి చదువుకోండి, లెక్క అదే.)

నేను హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం చేస్తూ శని, ఆదివారాలు ఒక చిన్న బ్యాండ్‌లో లీడ్ గిటార్ వాయిస్తాను. సంగీత్‌లు, రిసెప్షన్లు, కాలేజీ ఫెస్టులు... ఏది దొరికితే అది. చాలాకాలం నా స్పీడ్ ఒకచోటే నిలబడిపోయింది. మెట్రోనోమ్ 120 మీద, బీట్‌కి నాలుగు స్వరాల చొప్పున అయితే హాయిగా వచ్చేది. 130కి వెళ్తే ముంజేయి బిగుసుకునేది. 140లో స్వరాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయేవి.

దాంతో వేగంగా ఉండే సోలో వచ్చినప్పుడల్లా మా కీబోర్డ్ తమ్ముడు "అక్కా, అది నేను లాగేస్తాలే" అనేవాడు. మంచి మనసుతోనే అనేవాడు. కానీ పోస్టర్ మీద మన పేరు పక్కన లీడ్ గిటార్ అని వేసి, లీడ్ రాగానే పక్కకి జరిగి కార్డ్స్ కొట్టుకుంటూ నిలబడటం ఎలా ఉంటుందో వాయించేవాళ్లకి తెలుసు.

ఆ గోడ దాటించింది గిటార్ మాస్టారు కాదు, మా బాబాయ్.

మీటాలి గానీ దున్నకూడదు

బాబాయ్‌ది పాలకొల్లు పక్కన చిన్న ఊరు. మాండొలిన్ శ్రీనివాస్ పుట్టిన ఊరు పాలకొల్లే. పరాయి దేశపు వాయిద్యం మీద కర్ణాటక సంగీతం పలికించి, 1998లో పద్మశ్రీ అందుకుని, 2014లో 45 ఏళ్లకే వెళ్లిపోయిన మనిషి. ఆ ప్రాంతంలో మాండొలిన్ పట్టుకున్న ప్రతి కుర్రాడికీ ఆయనే దేవుడు. మా బాబాయ్‌కీ అంతే. కాకపోతే బాబాయ్ సభల్లో వాయించలేదు, ఆర్కెస్ట్రాల్లో వాయించాడు. పెళ్లిళ్లు, తీర్థాలు, దసరా పందిళ్లు... దాదాపు ముప్పై ఏళ్లు.

2019లో పక్షవాతం వచ్చింది. కాలు కొంచెం కోలుకుంది, మాట నెమ్మదిగా తిరిగొచ్చింది. కుడిచెయ్యి మాత్రం రాలేదు. చూడ్డానికి వచ్చినవాళ్లు "ఎడమచెయ్యి బానే ఉంది కదండీ, అదే అదృష్టం" అంటే నవ్వి ఊరుకునేవాడు. వాళ్లు వెళ్లాక పిన్నితో అనేవాడట: "వేళ్లు ఆడి ఏం లాభం, మీటేది ఏదీ?"

నేను 130 దగ్గర ఇరుక్కున్న రోజుల్లో ఒక సోలో రికార్డ్ చేసి బాబాయ్‌కి వాట్సాప్‌లో పంపాను. సాయంత్రానికి వాయిస్ మెసేజ్ వచ్చింది. మాటకీ మాటకీ మధ్య చాలా గ్యాప్. "అమ్మలూ... తీగని... మీటాలి. దున్నకూడదు."

నాకు పిక్ గురించి ఎవరూ చెప్పని సంగతి ఆ ఒక్క మాటలో ఉంది. పిక్ కొస తీగల మధ్యకి ఎంత లోతుగా దిగితే, అది బయటికి రావడానికి అంత సేపు పడుతుంది. 120 బీపీఎంలో బీట్‌కి నాలుగు స్వరాలంటే సెకనుకి 8 సార్లు మీటడం. 150లో అయితే 10 సార్లు. ఇన్నిసార్లు తీగని దాటాల్సిన పిక్‌కి ప్రతి మిల్లీమీటరూ బరువే. కొస ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లు తగిలితే చాలు. అలాగే పిక్ తీగకి పూర్తిగా సమాంతరంగా కాకుండా ముందు అంచు కొంచెం కిందికి వాలి ఉంటే తీగ మీద అడ్డంగా గుద్దుకోదు, జారిపోతుంది.

పిక్ మందం కూడా చూసుకోండి. 0.46 మిల్లీమీటర్ల పల్చటి పిక్ స్ట్రమ్మింగ్‌కి బాగుంటుంది. లీడ్‌లో మాత్రం అది వంగి, మళ్లీ నిలబడేలోపు తర్వాతి స్వరం వచ్చేస్తుంది. అందుకే లీడ్ వాయించేవాళ్లు ఎక్కువగా 1 మిల్లీమీటరు పైన ఉన్నవే వాడతారు. చాలామంది ఇష్టపడే చిన్న సైజు జాజ్ త్రీ పిక్ మందం 1.38. క్వీన్ బ్యాండ్ గిటారిస్ట్ బ్రయాన్ మే అయితే ఏకంగా ఆరు పెన్నీల నాణెంతో వాయిస్తాడు. బాబాయ్ మాత్రం గడువు తీరిన ఏటీఎం కార్డులు కత్తిరించి వాడేవాడు. ఏటీఎం కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు. "ఖర్చు లేదు, ఊళ్లో ఎక్కడైనా దొరుకుతుంది" అని దాని గొప్ప.

అసలు చిక్కు తీగ మారేటప్పుడే

ఒకే తీగ మీద ఒకే స్వరాన్ని గబగబా మీటి చూడండి. మీ స్పీడ్ మీరు అనుకున్న దానికంటే చాలా ఎక్కువ ఉంటుంది. నాకు ఒక తీగ మీద 160 కూడా వచ్చేది. అదే స్కేల్ మొదలెడితే 130కే ఆగిపోయేది. అంటే లోపం కండలో లేదు. ఒక తీగ మీంచి ఇంకో తీగ మీదకి వెళ్లే దారిలో ఉంది.

అది ఎలాగో చూద్దాం. ఎలక్ట్రిక్ గిటార్‌లో బ్రిడ్జ్ దగ్గర తీగకీ తీగకీ మధ్య దూరం సుమారు 10 మిల్లీమీటర్లు. పిక్ గిటార్ ముఖానికి సరిగ్గా సమాంతరంగా అటూ ఇటూ కదులుతుంటే, ప్రతి దెబ్బ తర్వాతా అది రెండు తీగల మధ్య సందులోనే ఉంటుంది. అక్కణ్ణుంచి ఇంకో తీగకి వెళ్లాలంటే గెంతాలి. ఆ గెంతులోనే చెయ్యి బిగుస్తుంది.

అదే పిక్ కదలికని కొంచెం ఏటవాలుగా మార్చండి. కింది దెబ్బకి తీగల మధ్యకి దిగి, పై దెబ్బకి తీగల పైకి, గాల్లోకి లేచేలా. అప్పుడు ప్రతి పై దెబ్బ తర్వాతా పిక్ ఖాళీగా బయటే ఉంటుంది. ఏ తీగ మీదకైనా వాలచ్చు, గెంతక్కర్లేదు. ఒక తీగ మీద రెండో నాలుగో స్వరాలుంటే చివరిది ఎప్పుడూ పై దెబ్బే అవుతుంది కాబట్టి ఈ పద్ధతి అతికినట్టు సరిపోతుంది. మనం మొదట నేర్చుకునే పెంటటానిక్ బాక్స్‌లో తీగకి రెండేసి స్వరాలు కదా, అక్కడ మొదలుపెట్టండి. ఈ సంగతిని ట్రాయ్ గ్రేడీ అనే అమెరికన్ గిటారిస్ట్ తన ‘క్రాకింగ్ ద కోడ్’ వీడియోల్లో పెద్ద గిటారిస్టుల చేతుల్ని దగ్గరగా చిత్రీకరించి మరీ చూపించాడు. యింగ్వీ మాల్మ్‌స్టీన్ అంత వేగంలోనూ అంత తేలిగ్గా కనిపించడానికి ఒక కారణం ఇదే.

మరి తీగకి మూడేసి స్వరాలున్న మేజర్ స్కేల్ సంగతి? కింద, పైన, కింద... పిక్ మళ్లీ సందులో చిక్కుకుంది. దీనికి రెండు దారులు. కిందికి కొట్టిన ఊపులోనే పక్క తీగని కూడా కిందికే కొట్టేయడం ఒకటి. దీన్ని ఎకానమీ పికింగ్ అంటారు. ఫ్రాంక్ గంబాలే దీన్నొక పూర్తి పద్ధతిగా తయారుచేశాడు. రెండోది, మణికట్టుని అవసరాన్ని బట్టి ఇటూ అటూ వాల్చుకుంటూ ప్రతి స్వరానికీ దిశ మార్చే ఆల్టర్నేట్ పికింగ్. అల్ డి మియోలా, జాన్ మెక్‌లాఫ్లిన్ లాంటివాళ్ల దారి ఇది. ఏది గొప్ప అని కొట్టుకోనక్కర్లేదు. నేను వాయించే పదబంధానికి ఏది తేలికైతే అది వాడతాను.

సరళీ, జంట వరుసలు గిటార్ మీద

ఇక్కడ బాబాయ్ ఇచ్చిన హోమ్‌వర్క్ నాకు ఏ యూట్యూబ్ కోర్సులోనూ దొరకలేదు. "జంటలు వాయించు" అన్నాడు. సంగీతం క్లాసుకి వెళ్లినవాళ్లకి తెలుసు. సస రిరి గగ మమ... ప్రతి స్వరం రెండేసి సార్లు. గిటార్ మీద పెడితే ప్రతి స్వరానికీ ఒక కింది దెబ్బ, ఒక పై దెబ్బ. స్వరం ఏ తీగ మీదున్నా, తీగ మారేది ఎప్పుడూ పై దెబ్బ తర్వాతే. గ్రేడీ వీడియోలో చూసిన సూత్రం మన పిల్లల పాఠంలోనే ఉంది! మాయామాళవగౌళలో వాయిస్తే చెవికి కూడా కొత్తగా ఉంటుంది. సి నుంచి మొదలెడితే సి, డి ఫ్లాట్, ఇ, ఎఫ్, జి, ఎ ఫ్లాట్, బి. డిస్టార్షన్ పెట్టి వాయించండి, మెటల్ రిఫ్ అనుకుంటారు.

తర్వాత అలంకారాలు. త్రిపుట తాళంలో అలంకారానికి ఆవృతానికి 7 అక్షరాలు, 3, 2, 2గా విరుగుతాయి. పిక్‌ని కచ్చితంగా కింద, పైన, కింద, పైన అనుకుంటూ పోతే మొదటి ఆవృతం కింది దెబ్బతో మొదలవుతుంది. 7 బేసి సంఖ్య కాబట్టి రెండోది పై దెబ్బతో మొదలవుతుంది. అయినా సమం మీద ఊనిక అంతే బలంగా పడాలి. పై దెబ్బ బలహీనంగా ఉంటే ఇక్కడ దాచుకోవడానికి వీల్లేదు. రెండు నెలలు ఇదొక్కటే చేశాను. నా పై దెబ్బకి ప్రాణం వచ్చింది.

ఇక స్పీడ్. అందరూ చెప్పేది, మెట్రోనోమ్‌ని రోజుకి రెండు పాయింట్లు పెంచుకుంటూ పొమ్మని. అది ఉపయోగమే, కానీ నా గోడ దగ్గర పని చేయలేదు. బాబాయ్ పద్ధతి మన పాత పద్ధతే, మూడు కాలాలు. మెట్రోనోమ్ 80 మీద అలాగే ఉంటుంది. ఒకటో కాలంలో బీట్‌కి ఒకటి, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. "తాళం పరిగెత్తదు అమ్మలూ. దాని లోపల... నువ్వు పరిగెత్తాలి." 80 తర్వాత 90, ఆ తర్వాత 100, అలా.

దీనివల్ల ఒక లాభం ఉంది. వేగంగా నడవడాన్ని ఇంకాస్త వేగం చేసుకుంటూ పోతే అది పరుగు అయిపోదు కదా. పరుగు వేరే కదలిక. పికింగ్ కూడా అంతే. నెమ్మదిగా వాయించేటప్పుడు చేతికి ఏ కదలికైనా చెల్లుతుంది. వేగంలో మాత్రం కొన్నే చెల్లుతాయి. అందుకని రోజూ కాసేపు వేగం రుచి చూపించాలి. నేనైతే నాలుగు స్వరాలు మాత్రం గట్టి వేగంలో వాయించి, ఐదో స్వరం మీద ఆగి, చెయ్యి వదులు చేసుకుంటా. అది పది సార్లు శుభ్రంగా వస్తే ఎనిమిది స్వరాలు. చిన్న చిన్న పరుగులన్నమాట.

ఫోన్ పక్కన పడేయకండి

ప్రాక్టీస్ చేసేటప్పుడు ఫోన్ పక్క గదిలో పెట్టమంటారు. నేను స్టాండ్‌కి తగిలిస్తాను. చాలా ఫోన్లలో సెకనుకి 240 ఫ్రేముల స్లోమోషన్ ఉంది. 120 బీపీఎంలో మీరు సెకనుకి 8 స్వరాలు మీటితే ఒక్కో స్వరానికి 30 ఫ్రేములు దొరుకుతాయి. పిక్ ఎటు దిగుతోందో, ఎటు లేస్తోందో అద్దంలా కనిపిస్తుంది. కెమెరాని గిటార్ తల వైపు నుంచి బ్రిడ్జ్ వైపు చూసేలా పెట్టండి. ఎదురుగా పెడితే ఏటవాలు తెలీదు.

చూడాల్సినవి నాలుగే. పిక్ ఎంత లోతుగా దిగుతోంది? ఏ దెబ్బకి బయటికి లేస్తోంది? కదలిక మణికట్టు నుంచి వస్తోందా, మోచేతి నుంచా? వాయించని తీగలని అరచేయి మూసి ఉంచుతోందా? ఈ చివరిది వదిలేస్తే డిస్టార్షన్ పెట్టగానే తీగలన్నీ కలిసి హోరెత్తుతాయి.

ఇద్దరం, ఒక మాండొలిన్

పోయిన సంక్రాంతికి బాబాయ్ వాళ్లింటికి వెళ్లాను. అటక మీంచి మాండొలిన్ దింపమన్నాడు. ఐదేళ్లకి పైగా ముట్టుకోలేదు దాన్ని. జంట తీగలు తుప్పు పట్టి ఉన్నాయి. నాలుగు జతలు, ఎనిమిది తీగలు. కొత్త సెట్ వేసి శ్రుతి చేశాను. మంచం మీద కూర్చుని ఒళ్లో పెట్టుకున్నాడు. ఎడమచెయ్యి మెడ మీద పెట్టి, "నువ్వు మీటు" అన్నాడు.

కుడిపక్క స్టూల్ వేసుకుని, వంగి మీటడం మొదలెట్టా. మోహన రాగం. సరిగపదస. ఐదే స్వరాలు. నా బెడ్‌రూమ్‌లో కళ్లు మూసుకుని వాయించే స్కేల్. పది నిమిషాల దాకా ఒక్క ఆవృతం కూడా కుదరలేదు.

ఎందుకంటే, వేలు ఫ్రెట్ మీద పూర్తిగా దిగకముందే మీటితే స్వరం చచ్చిపోతుంది. దిగాక ఆలస్యంగా మీటితే లయ పోతుంది. ఒకే మనిషి రెండు చేతులతో వాయించేటప్పుడు ఈ సర్దుబాటు మనకి తెలీకుండా జరుగుతుంది. వేగం పెరిగినప్పుడు చెడిపోయేది కూడా ఇదే. స్పీడ్ లేదని మనం అనుకునేవాటిలో సగం, రెండు చేతులూ ఒకే క్షణంలో కలవకపోవడమే. నేను బాబాయ్ వేళ్లని చూస్తూ, అవి దిగాక మీటాలని చూస్తున్నా. ఎప్పుడూ వెనకబడే ఉంటున్నా.

"నా వేళ్లు చూడకు. తాళం విను" అన్నాడు. కాలితో తాళం వేశాడు, బాగున్న కాలితో. ఇద్దరం తాళాన్నే పట్టుకున్నాం. నాలుగో ఆవృతానికి స్వరం విచ్చుకుంది. ఆ తర్వాత రెండో కాలం. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. పిన్ని గుమ్మంలోకి వచ్చి నిలబడింది, ఏమీ మాట్లాడలేదు. బాబాయ్ "ఇంకోసారి" అన్నాడు. ఆ సాయంత్రం ఆ మాట ఎన్నిసార్లు అన్నాడో లెక్కపెట్టలేదు.

హైదరాబాద్ వచ్చాక నా ప్రాక్టీస్ మారింది. ఎడమచెయ్యి తప్పితే కుడిచేతిని ఆపను, కుడిచెయ్యి తప్పితే ఎడమచేతిని ఆపను. రెంటినీ తాళానికే అప్పజెబుతాను. మీరు స్నేహితులతో ఈ ప్రయోగం చేసి చూడండి. ఒకరు ఫ్రెట్ నొక్కాలి, ఒకరు మీటాలి. నవ్వుతూ మొదలవుతుంది గానీ పది నిమిషాల్లో మీ లయ ఎక్కడ జారుతోందో మీకే తెలిసిపోతుంది.

ఎక్కడ మీటకూడదో కూడా తెలియాలి

‘ఫ్రైడే నైట్ ఇన్ శాన్ ఫ్రాన్సిస్కో’ అని 1981లో వచ్చిన ఆల్బమ్ ఉంది. డి మియోలా, మెక్‌లాఫ్లిన్, పాకో డి లూసియా ముగ్గురూ అకూస్టిక్ గిటార్లతో చేసిన కచేరీ. మొదటి ఇద్దరి చేతుల్లో పిక్, పాకో మాత్రం ఫ్లమెంకో పద్ధతిలో వట్టి వేళ్లతో. ఒకే వేగంలో మూడు రకాల మీటు వినిపిస్తుంది. పిక్ మెరుపు ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే అది వినండి.

ఆ వెంటనే మాండొలిన్ శ్రీనివాస్ ఆలాపన ఏదైనా వినండి. అక్కడ ఒక్కసారి మీటి, ఎడమచేతి వేలు తీగ మీద జారుతూ ఉంటే ఎన్నో స్వరాలు పుడతాయి. ప్రతి స్వరాన్నీ మీటితే గమకం ముక్కలైపోతుంది. గిటార్‌లో హామర్-ఆన్, పుల్-ఆఫ్, స్లైడ్ చేసేది ఈ పనే. అన్నీ మీటగలిగిన చెయ్యి వచ్చాకే, ఏది మీటకుండా వదలాలో ఎంచుకునే స్వేచ్ఛ వస్తుంది.

ఒక జాగ్రత్త. అలుపు వేరు, నొప్పి వేరు. మణికట్టులో సూది గుచ్చినట్టున్నా, వేళ్లు తిమ్మిరెక్కినా ఆ రోజుకి గిటార్ కింద పెట్టేయండి. తగ్గకపోతే డాక్టర్‌కి చూపించండి. నేను 25 నిమిషాలకి మించి ఒకే బిగిన పికింగ్ చేయను. ఐదు నిమిషాలు జంటలు, పది నిమిషాలు అలంకారాలు మూడు కాలాల్లో, ఐదు నిమిషాలు చిన్న పరుగులు, చివరి ఐదు నిమిషాలు ఏదైనా ఇష్టమైన పాట. ఈ విషయంలో బాబాయ్ అంత కఠినంగా మరెవరూ ఉండరు. నేను ఫోన్‌లో చెయ్యి లాగుతోందంటే చాలు, ఆ వారమంతా క్లిప్ పంపితే వినడు.

ఇప్పుడు నాకు 150 శుభ్రంగా వస్తోంది. ప్రపంచ రికార్డేం కాదు. మా పాటలకి సరిపోతుంది. మొన్న ఒక రిసెప్షన్‌లో ఫాస్ట్ సోలో దగ్గరకి రాగానే కీబోర్డ్ తమ్ముడు చేతులు తీసేసి నా వైపు చూశాడు. నేను వాయించాను. అంతే, పెద్ద సీనేమీ జరగలేదు. జనం బిర్యానీ లైన్లో ఉన్నారు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు బాబాయ్ మాండొలిన్‌కి చిన్న స్టిక్కర్ పికప్ అంటించి, నా పాత ప్రాక్టీస్ యాంప్ అక్కడే వదిలేసి వచ్చాను. హామర్-ఆన్, పుల్-ఆఫ్ ఎలాగో చూపించాను. మీటకుండానే ఎడమచేతి వేలితో తీగని గట్టిగా తడితే స్వరం పుడుతుంది, వేలిని లాగి వదిలితే ఇంకోటి పుడుతుంది. "ఇదేం వాయింపు, దొంగ వాయింపు" అన్నాడు అప్పుడు.

పోయిన ఆదివారం వాట్సాప్‌లో ఒక ఆడియో వచ్చింది. 40 సెకన్లు. మోహన, ఒకటో కాలం. స్వరాలు చిన్నగా ఉన్నాయి, ఒకట్రెండు పలకలేదు, వెనక పిన్ని మిక్సీ వినిపిస్తోంది. లయ మాత్రం ఎక్కడా తప్పలేదు. కింద ఒక వాయిస్ మెసేజ్:

"అమ్మలూ... రెండో కాలం... వచ్చే వారం పంపుతా."